ఐఎస్‌డీఎన్ లైను పరికరాలు: కరెంటు ఎటు నుంచి వస్తోంది?

సభకు నమస్కారం.

ఐఎస్‌డీఎన్, అంటే మాటనూ డేటానూ ఒకే టెలిఫోను లైను మీద డిజిటల్‌గా పంపే పద్ధతి, గడిచిపోయిన కాలపు సంగతి కదా, దాని గురించి ఇప్పుడు ప్రసంగం దేనికని మీలో కొందరికి అనిపించవచ్చు. అందులో కొంత నిజం లేకపోలేదు. జపానులో ఎన్‌టీటీ సంస్థ 1988లో ప్రారంభించిన ఐఎస్‌డీఎన్‌లో డేటా సేవను 2024 జనవరి నుంచి దశలవారీగా ముగిస్తూ వచ్చింది. బ్రిటన్‌లో 2023 సెప్టెంబరు నుంచి కొత్త కనెక్షన్లు అమ్మడం మానేశారు. అయితే పాత సాంకేతికత వాడుకలోంచి వెళ్ళిపోతున్న దశలోనే దానితో ప్రమాదాలకు అవకాశం పెరుగుతుంది. దాన్ని బిగించినవారు పదవీ విరమణ చేసి ఉంటారు, పుస్తకాలు దొరకవు, గోడకున్న పెట్టె మీద చీటీ రంగు వెలిసిపోయి ఉంటుంది, కానీ తీగలో కరెంటు మాత్రం మొదటి రోజున ఎంత ఉందో ఇవాళా అంతే ఉంటుంది. మన ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఉన్న ఈపీఏబీఎక్స్‌లను, అంటే లోపలి ఫోన్లను కలిపే చిన్న ఎక్స్చేంజీలను, చూసుకోవలసిన పని ఇప్పుడు మీ తరానిది కనుక, ఈ విషయం మీకు తెలిసి తీరాలి.

నేను చెప్పదలచినదంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఈ పరికరానికి కరెంటు ఎటు నుంచి వస్తోంది? మామూలు విద్యుత్ పరికరం విషయంలో ఈ ప్రశ్నకు ఒకటే జవాబు: గోడ మీది ప్లగ్గు నుంచి. ప్లగ్గు తీసేస్తే పరికరం నిర్జీవమవుతుంది. ఐఎస్‌డీఎన్ పరికరానికి ఇది వర్తించదు. దానికి ఒక వైపు 230 వోల్టుల మెయిన్స్ ఉంటుంది, ఇంకో వైపు ఎక్స్చేంజిలోని బ్యాటరీల నుంచి కిలోమీటర్ల దూరం నడిచి వచ్చిన లైను కరెంటు ఉంటుంది. ఈ రెండింటికీ సంబంధం లేదు. ఒకటి ఆపినంత మాత్రాన రెండోది ఆగదు.

ముందు లైను స్వరూపం చూద్దాం. ఇళ్ళకూ చిన్న కార్యాలయాలకూ ఇచ్చే బేసిక్ రేటు లైను, అంటే బీఆర్‌ఐ, మామూలు టెలిఫోనుకు వాడే రాగి జత మీదే వస్తుంది. అందులో మాటలకూ డేటాకూ ఒక్కొక్కటి సెకనుకు 64 కిలోబిట్ల వేగం గల రెండు బీ చానళ్ళు, కాల్ సంకేతాలకు 16 కిలోబిట్ల డీ చానల్ ఒకటి ఉంటాయి. ఎక్స్చేంజి నుంచి వచ్చే ఆ రెండు తీగల భాగాన్ని యూ ఇంటర్‌ఫేస్ అంటారు. అది గోడ మీద బిగించిన ఎన్‌టీ-1 అనే పెట్టెలో ముగుస్తుంది. ఆ పెట్టె నుంచి లోపలికి నాలుగు తీగలతో బయలుదేరేది ఎస్ బస్సు, అంటే పరికరాలన్నీ పంచుకునే ఒకే తీగల దారి. దాని మీద ఎనిమిది వరకూ ఫోన్లు, కంప్యూటర్ కార్డులు, వీడియో కాన్ఫరెన్స్ పరికరాలు తగిలించుకోవచ్చు. పెద్ద సంస్థలకు ఇచ్చే ప్రైమరీ రేటు లైనులో, అంటే పీఆర్‌ఐలో, 30 బీ చానళ్ళు, సెకనుకు 2.048 మెగాబిట్ల వేగం ఉంటాయి. దాని సంగతి తరువాత చెబుతాను.

భద్రత దృష్టితో చూస్తే ఎన్‌టీ-1 ఒక సరిహద్దు రాయి. దానికి అవతల ఉన్నది వీధి, ఇవతల ఉన్నది ఇల్లు. వీధి వైపు జత మీద మామూలు ఫోనుకు 48 వోల్టులు ఉంటాయని మీకు తెలుసు. ఐఎస్‌డీఎన్ యూ లైను మీద అంతకు రెట్టింపు, అంటే వంద వోల్టుల దరిదాపుల్లో డీసీ ఉండవచ్చు. ఎన్‌టీ-1ను దూరం నుంచే బతికించి ఉంచాలి కనుక ఎక్స్చేంజి లైను కార్డు అంత వోల్టేజీ పంపుతుంది. కరెంటు పరిమితి ఉంటుంది కాబట్టి ప్రాణానికి సాధారణంగా ముప్పు లేదు. కానీ వర్షంలో తడిసిన చేతులతో నిచ్చెన మీద నిలబడి, వీధిలో లైన్లను ఇళ్ళకు పంచే డీపీ పెట్టె తెరిచినవాడికి ఆ జతలోని రెండు తీగలూ రెండు చేతులకు తగిలితే, షాక్ కంటే ముందు నిచ్చెన మీది నుంచి పడడం జరుగుతుంది. మన పనిలో ఎముకలు విరిగేది ఎక్కువగా ఇలాగే.

భద్రతా ప్రమాణాల్లో ఈ సరిహద్దుకు పేర్లు కూడా ఉన్నాయి. సాధారణ పరిస్థితిలోనూ, ఒక లోపం తలెత్తినప్పుడూ కూడా 60 వోల్టుల డీసీ దాటకుండా, మెయిన్స్ నుంచి పూర్తిగా వేరు చేసి ఉంచిన సర్క్యూట్‌ను సెల్వ్ అంటారు. వీధి నుంచి వచ్చే టెలిఫోను తీగలకు, పిడుగుల వల్ల వచ్చే అధిక వోల్టేజీకి గురయ్యే అవకాశం ఉంది కనుక, టీఎన్‌వీ అనే వేరే తరగతి కేటాయించారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60950-1, దాన్ని అనుసరించిన మన భారతీయ ప్రమాణం ఐఎస్ 13252, ఈ విభజన మీదే నడిచాయి. తరువాత వచ్చిన ఐఈసీ 62368-1లో పేర్లు మారినా ఉద్దేశం మారలేదు. టీఎన్‌వీ సాకెట్‌లో ఉండవలసిన తీగను సెల్వ్ సాకెట్‌లో పెట్టకూడదు. వినడానికి సులువుగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఈ రెండు సాకెట్లూ చూడడానికి ఒకే రకంగా ఉంటాయి.

ఈ ఎనిమిది పిన్నుల ఆర్‌జే-45 సాకెట్ దగ్గర కాసేపు ఆగుదాం. ఎస్ బస్సు అందులో 3, 4, 5, 6 పిన్నులు వాడుతుంది. 3-6 జత మీద టెర్మినల్, అంటే ఫోను వంటి పరికరం, పంపుతుంది, 4-5 జత మీద అందుకుంటుంది. యూ లైనును అదే రకం సాకెట్‌లోకి తెస్తే మధ్యలో ఉన్న 4-5 పిన్నుల మీదికి తెస్తారు. 2.048 మెగాబిట్ల పీఆర్‌ఐ 1-2, 4-5 వాడుతుంది. కంప్యూటర్ నెట్‌వర్క్ తీగ 1-2, 3-6 వాడుతుంది. అదే తీగ మీద కెమెరాలకూ వైఫై పెట్టెలకూ కరెంటు పంపే పద్ధతిలో ఒక రకం 4-5, 7-8 మీద 48 వోల్టులు పెడుతుంది. ఇన్ని రకాల సిగ్నళ్ళు, ఇన్ని రకాల వోల్టేజీలు, ప్లగ్గు మాత్రం ఒకటే! దాన్ని రూపొందించినవారికి ఆదా అయింది, వాడేవారికి అనుమానం మిగిలింది. రాక్‌లో, అంటే పరికరాలు పేర్చే ఇనుప చట్రంలో, పక్కపక్కన రౌటరు, ఎన్‌టీ-1, నెట్‌వర్క్ స్విచ్చి ఉన్నప్పుడు ఏ తీగ ఎక్కడిదో చూసి తీయడం కాదు, చదివి తీయాలి. ప్రతి తీగకూ రెండు చివర్లా చీటీ ఉండాలి. యూ లైను తీగకు ఎర్ర రంగు తొడుగు వేయించి, అది కంప్యూటర్ నెట్‌వర్క్ తీగలు చేరే లాన్ ప్యానెల్ దగ్గరికి వెళ్ళే అవకాశమే లేకుండా వేరే దారిలో నడిపించండి.

ఇక్కడే ఒక క్రమం చెబుతాను. బీఆర్‌ఐ తీగను విడదీయవలసి వచ్చినప్పుడు గోడ వైపు చివరను ముందు తీయండి, పరికరం వైపు చివరను తరువాత తీయండి. తిరగేసి చేస్తే, చేతిలో వేలాడుతున్న ప్లగ్గు పిన్నుల మీద ఎక్స్చేంజి వోల్టేజీ అలాగే ఉంటుంది. ఆ ప్లగ్గు ఇనుప రాక్‌కు తగలవచ్చు, ఇంకో సాకెట్‌లోకి వెళ్ళిపోవచ్చు, మీ వేలికే తగలవచ్చు. తగిలించేటప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకం: ముందు పరికరం వైపు, చివరగా గోడ వైపు.

వెనక వరుసలోంచి ఒక ప్రశ్న వచ్చింది: పరికరం స్విచ్చి ఆపి, మెయిన్స్ ప్లగ్గు కూడా తీసేశాక మూత తెరిస్తే ఇబ్బంది లేదు కదా అని. ఉంది. మెయిన్స్ తీసినా యూ లైను తగిలే ఉంటే, లోపలి కార్డు మీద ఆ సాకెట్ చుట్టుపక్కల భాగమంతా లైను వోల్టేజీలోనే ఉంటుంది. కాబట్టి మూత తెరవాలంటే లైను తీయాలి, ఆ తరువాత మెయిన్స్ తీయాలి. ఎర్త్ తీగను అన్నిటికంటే ఆఖరున తీయాలి. బిగించేటప్పుడు ఎర్త్ అన్నిటికంటే ముందు.

ఎర్త్ మొదట, చివర అనే మాటను కేవలం ఆచారంగా కాక కారణంతో పట్టుకోవాలి. మెయిన్స్ మీద నడిచే ప్రతి పరికరం నుంచీ ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా కొద్దిపాటి కరెంటు కారుతూనే ఉంటుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే టెలిఫోను జత మీదుగా దారి వెతుక్కుంటుంది. ఆ దారి చివర డీపీ దగ్గర పనిచేస్తున్న లైన్‌మన్ ఉండవచ్చు. అంతేకాదు, పదులకొద్దీ లైన్లు తగిలించిన ఈపీఏబీఎక్స్‌లోకి బయటి నుంచి కూడా ఒక్కో లైను కొంచెం కొంచెంగా కరెంటు తెస్తుంది. ఒక్కొక్కటి చూస్తే లెక్కలోకి రానంత తక్కువ. అన్నీ కలిసి పెట్టె మీద చేరినప్పుడు ఎర్త్ ఊడిపోయి ఉంటే, ఆ ఇనుప పెట్టెను ముట్టుకున్నవాడు ఆ మొత్తానికి దారి అవుతాడు. అందుకే ఎక్కువ లైన్లున్న ఈపీఏబీఎక్స్‌కు మూడు పిన్నుల ప్లగ్గులో ఉన్న ఎర్త్ చాలదు, పెట్టెకు నట్టుతో బిగించిన విడి ఎర్త్ తీగ ఉండాలి. మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్‌లో గుచ్చే అలవాటు మనవాళ్ళకు ఎక్కడ అబ్బిందో కానీ, అది ఈ పనిలో మాత్రం పనికిరాదు.

ఇప్పుడు ఎస్ బస్సు మీది కరెంటు గురించి. ఫోన్లకు కావలసిన కరెంటును ఎన్‌టీ-1 అదే నాలుగు తీగల మీద పంపుతుంది. ఎలాగంటే, పంపే జతకూ అందుకునే జతకూ మధ్య 40 వోల్టుల తేడా ఉంచుతుంది. ఒక జతలోని రెండు తీగల మధ్య డీసీ ఏమీ ఉండదు. మీటరు పట్టుకున్న కొత్తవారు 3, 6 పిన్నుల మధ్య పెట్టి, సున్నా చూసి, కరెంటు లేదని తేల్చేస్తారు. 3కూ 4కూ మధ్య పెట్టి చూడండి, 40 వోల్టులు కనబడతాయి. ఇది సెల్వ్ పరిమితిలోనే ఉంది కనుక మనిషికి ప్రమాదం కాదు. ప్రమాదమల్లా తీగ తప్పు వేస్తే పరికరానికే.

మెయిన్స్ ఉన్నప్పుడు ఎన్‌టీ-1 ఇచ్చేది సాధారణంగా 4 వాట్ల ప్రాంతంలో ఉంటుంది, ఒక ఫోను ఒక వాటు వరకూ తీసుకుంటుంది. అంటే బస్సు మీద ఎనిమిది పరికరాలకు చోటున్నా, బస్సు నుంచే కరెంటు తాగే ఫోన్లు నాలుగుకు మించితే తడబాటు మొదలవుతుంది. మిగిలిన వాటికి విడి అడాప్టర్లు పెట్టాలి. మెయిన్స్ పోయినప్పుడు కథ మారుతుంది. అప్పుడు ఎన్‌టీ-1 ఎక్స్చేంజి నుంచి వచ్చే కరెంటు మీద బతుకుతూ, బస్సు మీద 40 వోల్టుల ధ్రువాలను తారుమారు చేస్తుంది. ఆ తారుమారును చూసి మామూలు ఫోన్లన్నీ మౌనంగా ఉండిపోతాయి. అత్యవసర ఫోనుగా ఏర్పాటు చేసిన ఒక్కటి మాత్రం 380 మిల్లీవాట్ల లోపల పనిచేస్తుంది. ఆ ఒక్కటి ఏదో ముందే నిర్ణయించి, దాని అడుగున ఉన్న చిన్న స్విచ్చిని ఆ స్థితిలో పెట్టాలి. రెండు ఫోన్లకు అలా పెడితే, కరెంటు పోయిన రాత్రి రెండూ పనిచేయవు. ఆసుపత్రిలో ఇది చిన్న విషయం కాదు. అలాగే బస్సు వైరింగులో ఎక్కడైనా రెండు జతలు తారుమారైతే ఫోను ఎప్పుడూ అత్యవసర స్థితిలోనే ఉన్నామనుకుని పలకదు. మనవాళ్ళు ఫోను పాడైందని మార్చేస్తారు, కొత్తదీ పలకదు.

ఇంకా పెద్ద తప్పు ఒకటుంది. ఈపీఏబీఎక్స్‌లోని ఎస్ పోర్టులు రెండు రకాలుగా పనిచేయగలవు. ఎక్స్చేంజి వైపు తిరిగి టెర్మినల్‌లా ఉండవచ్చు, లేదా లోపలి ఫోన్ల వైపు తిరిగి తానే ఎన్‌టీలా ఉండి 40 వోల్టులు ఇవ్వవచ్చు. కార్డు మీది జంపర్లనే చిన్న కలుపు పిన్నులతో ఇది నిర్ణయమవుతుంది. లోపలి వైపు పనికి పెట్టిన పోర్టును తెచ్చి ఎన్‌టీ-1కు కలిపితే, రెండు మూలాలు ఒకే తీగ మీద ఎదురుబొదురుగా కరెంటు తోస్తాయి. ధ్రువాలు కలిస్తే అదృష్టం, కలవకపోతే ఒకదాని ఫ్యూజు పోతుంది, లేదా కార్డే పోతుంది. అందుకని ఏ ఎస్ పోర్టునైనా కలిపే ముందు ఖాళీ పోర్టు మీద మీటరు పెట్టి, అది కరెంటు ఇస్తోందా లేదా అని చూడండి. రెండు వైపులా వోల్టేజీ కనబడితే కలపకండి.

అదే సమయంలో చివరి రెసిస్టర్లనూ చూడాలి. బస్సు రెండు చివర్లా ఒక్కో జతకు 100 ఓములు ఉండాలి. మెయిన్స్ తీసి, ఎన్‌టీ-1నూ అన్ని ఫోన్లనూ ఊడదీసి, 3-6 మధ్య కొలవండి. ఎన్‌టీ-1 ఒక చివర ఉన్న వైరింగైతే దూరపు సాకెట్‌లోని 100 ఓములు ఒక్కటే కనబడాలి, ఎందుకంటే రెండోది ఎన్‌టీ-1 కడుపులో ఉంటుంది. ఎన్‌టీ-1 నడిమధ్య ఉండి, రెండు చివర్లా సాకెట్లలో రెసిస్టర్లుంటే 50 కనబడాలి. 33 చూపిస్తే, ఎవరో ఉదారంగా మూడోది కూడా బిగించి వెళ్ళారని అర్థం. 4-5 మీదా ఇదే లెక్క. లైను బతికి ఉండగా మీటరును ఓముల మీద పెట్టకండి, ముందు వోల్టుల మీద పెట్టి ఏమీ లేదని చూసుకున్నాకే ఓములకు తిప్పండి. ఎక్కువ వోల్టేజీ పెట్టి కొలిచే మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడవలసి వస్తే ఎన్‌టీ-1ను తీసేసే చూడాలి. 500 వోల్టుల మెగ్గర్ వేస్తే, అధిక వోల్టేజీని భూమిలోకి మళ్ళించే, 230 వోల్టులకు మండే గ్యాస్ ట్యూబు అరెస్టరు దారిలో ఉంటే అది కూడా మండి మీకు తప్పుడు రీడింగు ఇస్తుంది.

పాత మామూలు లైనును ఐఎస్‌డీఎన్‌గా మార్చిన ఇళ్ళలో, కార్యాలయాల్లో తరచూ కనబడే లోపం ఒకటి చెప్పాలి. వీధి జత లోపలికి వచ్చి చేరే రోజెట్ బాక్స్ దగ్గర లోపలి పాత వైరింగును విడదీయరు. వీధి జతతో పాటు అది కూడా అదే స్క్రూల కింద ఉండిపోతుంది. ఎక్స్చేంజి నుంచి వచ్చే సిగ్నలుకు ఆ వేలాడే తీగలు అడ్డం పడతాయి, అది ఒక సంగతి. అంతకన్నా చెడ్డది ప్లస్ రకం ఎన్‌టీ-1తో జరుగుతుంది. అందులో మామూలు ఫోన్లకు రెండు సాకెట్లు ఉంటాయి. వాటికి డయల్ టోనూ, గంట మోగడానికి ఏసీ వోల్టేజీనీ ఎన్‌టీయే పుట్టిస్తుంది. మన ఎక్స్చేంజీలు గంట మోగించడానికి 25 హెర్ట్జ్‌ల వద్ద సుమారు 75 వోల్టులు పంపుతాయి. ఎన్‌టీ పంపేదీ దాన్ని పోలినదే. ఆ సాకెట్ నుంచి తీసిన తీగను పాత వైరింగుకు కలిపితే, ఆ వైరింగు ఇంకా రోజెట్ బాక్స్‌లో వీధి జతకు కలిసే ఉంటే, ఎన్‌టీ తన అవుట్‌పుట్‌ను తన ఇన్‌పుట్‌కే తిప్పి ఇచ్చుకున్నట్టవుతుంది. ముందు పాత తీగలు విడదీసి, చివర్లకు టేపు చుట్టి, ఆ తరువాతే ఫోను సాకెట్ల జోలికి వెళ్ళండి.

పిడుగుల గురించి చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో మన దగ్గర ఈదురుగాలులతో పాటు పిడుగులు పడడం మీకు కొత్త కాదు. ఎన్‌టీ-1 మెయిన్స్‌కూ టెలిఫోను లైనుకూ మధ్య కూర్చున్న పరికరం. చాలామంది లైను అరెస్టరుకు ఒక ఎర్త్ రాడ్డు, మెయిన్స్‌కు ఇంకో ఎర్త్ రాడ్డు వేసి, రెండు ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉంటారు. దగ్గరలో పిడుగు పడినప్పుడు భూమి అంతటా ఒకే వోల్టేజీ ఉండదు. ఒక రాడ్డుకూ ఇంకో రాడ్డుకూ మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది, ఆ తేడా మొత్తం ఎన్‌టీ-1 గుండా సర్దుకుంటుంది. కాలిపోయిన ఎన్‌టీ తెరిచి చూస్తే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నల్లటి గీత కనబడుతుంది. దీనికి మందు ఒక్కటే. అరెస్టరు ఎర్త్‌నూ మెయిన్స్ ఎర్త్‌నూ భవనంలో ఒకే చోట, లావు తీగతో, వీలైనంత పొట్టిగా కలపాలి. ఎక్స్చేంజిలో వీధి జతలన్నీ వచ్చి చేరే ఎండీఎఫ్ చట్రం మీద ప్రతి జతకూ రక్షణ మాడ్యూలు ఉంటుంది, కానీ అది ఎక్స్చేంజిని కాపాడడానికి పెట్టినది, మీ ఆఫీసును కాదు. ఉరుములు వినబడుతుంటే ఏ తీగా ముట్టుకోవద్దు, పని ఎంత అర్జెంటైనా సరే.

పీఆర్‌ఐ గురించి రెండు మాటలు. 2 మెగాబిట్ల సిగ్నలులో స్వతహాగా భయపడేంత వోల్టేజీ లేదు. కానీ అది రాగి మీద మోడెమ్ ద్వారా వస్తే, ఆ మోడెమ్‌కు ఎక్స్చేంజి నుంచే వందకు పైగా వోల్టులు పంపే ఏర్పాటు ఉండవచ్చు. మోడెమ్ దగ్గర మెయిన్స్ అడాప్టరు కనబడకపోతే, కరెంటు ఎటు నుంచి వస్తోందో మీకు వెంటనే అనుమానం రావాలి. పీఆర్‌ఐ ఉన్న చోట ఈపీఏబీఎక్స్‌కు 48 వోల్టుల బ్యాటరీలు కూడా ఉంటాయి. సీసపు బ్యాటరీలు 24 సెల్లులైతే ఛార్జరు మీద 54 వోల్టుల దగ్గర నిలబడతాయి. టెలిఫోను వ్యవస్థలో పాజిటివ్‌ను ఎర్త్ చేస్తారని గుర్తుంచుకోండి. రాగి తీగ భూమిలో తడి తగిలినచోట తినేయబడకుండా ఉండడానికి పాతకాలం నుంచి అలా చేస్తున్నారు. వాహనాల బ్యాటరీలకు అలవాటుపడిన చేయి నెగటివ్‌ను ఎర్త్ అనుకుంటుంది. ఇక్కడ నెగటివ్ మీద ఉన్న స్పానరు ఇనుప రాక్‌కు తగిలిందా, నిప్పురవ్వలు లేస్తాయి. 48 వోల్టులు షాక్ కొట్టకపోవచ్చు, కానీ బ్యాటరీకి అడ్డంగా పడిన ఉంగరం వేలిని కాల్చేస్తుంది. ఉంగరం, గడియారం, చేతికున్న గొలుసు తీసి జేబులో పెట్టుకున్నాకే బ్యాటరీల దగ్గరికి వెళ్ళండి.

అడాప్టర్ల విషయంలో ఒక్క మాట. విదేశాల నుంచి తెచ్చిన పాత పరికరాల్లో 120 వోల్టుల కోసం చేసినవి ఉంటాయి, మన 230లో పెడితే పొగే. ప్లగ్గు సరిపోయిందని ఇంకో పరికరం అడాప్టరు తగిలించకండి. వోల్టేజీ, ఏసీనా డీసీనా, మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా, ఈ మూడూ చీటీ మీద చదివి చూసుకోండి.

ఇక, లైను తీసేసే పని. సేవ వద్దని దరఖాస్తు పెట్టినంత మాత్రాన, బిల్లు ఆగినంత మాత్రాన తీగ చనిపోదు. ఎక్స్చేంజిలో సాఫ్ట్‌వేరులో నంబరు రద్దు చేసినా, ఎండీఎఫ్ మీద ఆ జతను కలిపే జంపర్ తీగ తీయనంత కాలం లైను కార్డు వోల్టేజీ పంపుతూనే ఉండవచ్చు. గోడలు కొట్టి, తీగలు కోసే తాపీ పనివారికి ఈ సంగతి తెలియదు. ఎండీఎఫ్ నుంచి జంపర్ తీశామని మాట వచ్చాక, మీరే రోజెట్ బాక్స్ దగ్గర మీటరు పెట్టి చూసుకోవాలి. అప్పటిదాకా రెండు తీగల చివర్లకూ విడివిడిగా టేపు చుట్టి, ఇది బతికున్న లైను, కోయవద్దు అని తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీ కట్టి వదలండి.